రగ్గు కప్పుకున్న ఐసు

ముప్పైఒక్క ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ఒక్క పూట చేపలమ్మాను. ఈ రెంటిలో దేని గురించి రాయమంటారని ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన నలుగురైదుగురు టీచర్లను అడిగితే, కాస్తయినా మొహమాటపడకుండా అందరూ చేపల గురించే రాయమన్నారు. సరే, రాస్తున్నాను. చదివి నవ్వుకోండి. రాస్తూ నేనూ నవ్వుకుంటూనే ఉన్నాను. ఒక్కదాన్నీ ఎందుకు నవ్వుతున్నానోనని మా ఆయన ఇప్పటికి రెండుసార్లు గదిలోకి తొంగిచూసి వెళ్ళారు.

మాది సాలూరు. మా నాన్న లారీ మెకానిక్కు. వేడి అంటే ఏమిటో నాకు తెలిసింది పుస్తకంలో కాదు. ఘాట్‌రోడ్డు దిగి అప్పుడే ఆగిన లారీ రేడియేటరు మీద, ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా అరచెయ్యి ఆనించినప్పుడు తెలిసింది. ఆ బొబ్బ నెల్లాళ్ళుంది. అంత చిన్నప్పుడే వాత పడినదాన్ని, ఉష్ణం పాఠంలో తప్పు చెప్తానని ఎవరూ అనుకోరు. నేనైతే కలలో కూడా అనుకోలేదు.

నా చివరి పోస్టింగు భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి హైస్కూలు. మేముండే విజయనగరం నుంచి బస్సు, తర్వాత ఆటో. విమానాశ్రయం పనులకు మట్టి తోలే టిప్పర్ల వెనకాల పడి బడికి చేరేసరికి, ఆదివారం శ్రద్ధగా వేసుకున్న జుట్టు రంగు మీద ఇంకో రంగు పడేది. స్టాఫ్‌రూములోకి అడుగుపెట్టగానే లెక్కల మాస్టారు "ఈరోజు ఎర్రమట్టి" అనో "ఈరోజు తెల్లమట్టి" అనో ప్రకటించేవారు.

ఆ లెక్కల మాస్టారికి దేని మీదైనా పందెం కాయడం అలవాటు. వాన ఏ పీరియడులో మొదలవుతుంది, ప్రార్థనలో ఎంతమంది ఆవలిస్తారు, మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెంకు తేలిగ్గా వస్తుందా రాదా, అన్నీ ఆయనకు పందాలే. గెలిచినవాళ్ళకు ఒక టీ. హెడ్మాస్టారు ఆయనకు పూర్తి వ్యతిరేకం. చాలా మంచివారు, అంతకంటే ఎక్కువ భయస్తులు. ఆఫీసు నుంచి ఫోనొస్తే ముందు కుర్చీలోంచి లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, అప్పుడు ఎత్తేవారు.

అప్పుడు చలి వెళ్ళిపోతూ ఎండ ముదురుతోంది. ఏడో తరగతికి ఉష్ణప్రసారం చెప్తున్నాను. వహనం అయింది, సంవహనం అయింది. పిల్లలు జారిపోతున్నారని గమనించి, ఏదైనా దగ్గరి ఉదాహరణ చెప్పి పట్టుకోవాలన్న తొందరలో, చలికాలం రగ్గు ఎందుకు కప్పుకుంటామని అడిగాను. ఎవరూ మాట్లాడకపోయేసరికి నేనే, "రగ్గు మనకి వేడిని ఇస్తుంది కాబట్టి" అనేశాను.

నోరు జారింది. అంతే. ఆ మాట బయటికొచ్చిన మరుక్షణమే తప్పని నాకు తెలుసు. సర్దుకుందామనుకునే లోపల వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

ఆ పిల్లను నా పీరియడులో చూడటమే అరుదు. వాళ్ళమ్మ చేపల వ్యాపారం చేస్తుంది. పొద్దున్న పడవలు ఒడ్డుకు రాగానే తల్లికి సాయం వెళ్ళి, చేపలమ్మి వచ్చేసరికి పదకొండు దాటేది. నా సైన్సు రెండో పీరియడు. ఆ రోజు సముద్రం బాగోక పడవలు వేటకు వెళ్ళలేదట, అందుకని మొదటి బెల్లుకే వచ్చింది.

"టీచర్, మా అమ్మ ఐసుకి రగ్గు కప్పుతాది. రగ్గు వేడి ఇస్తే ఐసు కరిగిపోవాల కదా? కరగదు."

తరగతి మొత్తం ఒక్కసారి మేలుకుంది. అంతసేపూ జోగుతున్నవాళ్ళు కూడా నా మొహంలోకి చూస్తున్నారు. ఒక్క మాటతో అయిపోయేది: తప్పు చెప్పానమ్మా, నువ్వన్నదే నిజం. మరి నేనేం చేశానంటే, "అది వేరు, ఇది వేరు. కూర్చో" అన్నాను. అక్కడితో ఆగానా, రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్ళకు ప్రశ్నలు ఎక్కువ అని ఇంకో మాట కూడా అన్నాను. పిల్ల కూర్చుంది. బోర్డు మీద నేను గీసిన బొమ్మ కూడా నన్ను చూసి సిగ్గుపడినట్టు అనిపించింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అన్నం సహించలేదు. లెక్కల మాస్టారు పసిగట్టి అడిగితే జరిగింది చెప్పాను. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని అలాగే నవ్వడం మొదలుపెట్టారు. హెడ్మాస్టారు మాత్రం కంగారుపడి, ఈ విషయం ఎక్కడా రాతపూర్వకంగా లేదు కదా అని అడిగారు. రేపు తరగతిలో సరిచేస్తానన్నాను. మర్నాడు పడవలు వెళ్ళాయి, పిల్ల నా పీరియడుకు రాలేదు. మూడో రోజూ రాలేదు. అడిగిన పిల్ల ఎదుట కాకుండా మిగతావాళ్ళ ముందు సరిచేసుకోవడం దొంగతనంలా తోచి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, వాయిదా వెయ్యడానికి ఒక కారణం దొరికిందని లోలోపల సంతోషించాను కూడా.

ఆ వారమే హాజరు పట్టీలు చూస్తుంటే, ఆ పిల్ల హాజరు మరీ తక్కువగా ఉందనీ, ఏడు పూర్తికాగానే బడి మానిపించాలని తల్లి అనుకుంటోందనీ తెలుగు టీచరు చెప్పింది. నాలుగు గంటల బెల్లు కొట్టగానే తిన్నగా ఒడ్డుకు నడిచాను. ఇసకలో పరిచిన వలల మీద ఎండిన నెత్తళ్ళను ఎత్తుతోంది ఆ తల్లి. నలభై ఉంటాయేమో. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం కెరటాలను దాటి వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

నేను చదువు విలువ గురించి, ఆడపిల్లల భవిష్యత్తు గురించి, మొత్తం ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ చేతులు ఆపకుండా అంతా విన్నది. తర్వాత నడుం ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"బడికి పంపమని సెప్పడానికొచ్చినారు, బాగున్నాది. మరి మా గుంట అడిగినదానికి జవాబు సెప్పకుండా కూకోబెట్టేసినారట. రగ్గు వేడి ఇస్తాదేటి మేస్టారమ్మా? ఇరవై ఏళ్ళనుంచి ఐసు మూట కడతన్నాను. నాకు తెలిసినపాటి మీకు తెలవకపోతే, మా గుంట మీ కాడ ఏటి నేర్సుకుంటాది?"

పక్కనున్న ఆడవాళ్ళు చీర చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు రెండో అవకాశం వచ్చింది చూడండి, ఒప్పుకోవడానికి. దాన్నీ వదిలేశాను. యాభై అయిదేళ్ళ వయసు, పోస్టుగ్రాడ్యుయేషను, జిల్లా సైన్సు ఫెయిరులో రెండుసార్లు బహుమతి, ఇవన్నీ ఒక్కసారిగా నా గొంతులోకొచ్చి కూర్చున్నాయి. రగ్గు సంగతి ఎలా ఉన్నా, ఆవిడ మూట కంటే ఎక్కువసేపు ఐసును నిలిపే పెట్టె నేను చేసి చూపించగలనన్నాను. నేను గెలిస్తే పిల్లను రోజూ మొదటి బెల్లుకే పంపాలన్నాను.

"మీరు ఓడిపోతే?" అంది.

"మీరే చెప్పండి."

ఆవిడ పక్కవాళ్ళ వైపు చూసింది. వాళ్ళలో ఒకామె ఏదో గొణిగింది. అందరూ నవ్వారు.

"ఒక పూట గంపట్టుకుని నా ఎనకాల సేపలమ్మాల."

సరేనన్నాను. ఎందుకనకూడదు, ఓడిపోయే ఆలోచన నాకెక్కడుంది!

మర్నాటికి పందెం సంగతి ఊరంతా పాకింది. లెక్కల మాస్టారు ఏనాటి నుంచో ఇలాంటి పందెం కోసమే పుట్టినట్టు రంగంలోకి దిగారు. శనివారం పది నుంచి నాలుగు దాకా. చెరి అయిదు కేజీల ఐసు. ఇద్దరి సరుకూ బడి వరండాలోనే ఉండాలి. నాలుగింటికి తూకం. ఎవరిది ఎక్కువ మిగిలితే వాళ్ళు గెలిచినట్టు. హెడ్మాస్టారు మాత్రం, దీన్ని ఏ కార్యక్రమం కింద చూపించాలో తెలియక రెండు రోజులు సతమతమై, చివరికి 'ప్రయోగపూర్వక అభ్యసనం' అని ఒక కాగితం మీద రాసి సంతకం చేసి తన బల్ల సొరుగులో దాచుకున్నారు.

నేను పెట్టె చేశాను. ఫ్యాను వచ్చిన అట్టపెట్టె, లోపల నాలుగు వైపులా థర్మోకోల్, దాని మీద ముడత లేకుండా అంటించిన వెండి కాగితం. పెట్టెలో ఏం జరుగుతోందో పిల్లలకు కనిపిస్తే బాగుంటుందని, పైన మూతగా పాత ఫోటోఫ్రేము అద్దం బిగించాను. ఇంట్లో పెట్టి చూసుకుంటే తళతళా మెరిసిపోతోంది. ఇంత అందమైన వస్తువు ఓడిపోవడం అసంభవమని మా ఆయన కూడా అన్నారు. ఆయన బ్యాంకులో చేసేవారు, ఆయనకేం తెలుసు. నాకు తెలియాలి కదా.

శనివారం పొద్దున్న ఆవిడే ఐసు తెచ్చింది, ఆటోలో గోనె కప్పి. చేపలు తూచే తన కాటాతోనే తూచారు. అయిదు కేజీల దిమ్మ నా పెట్టెలో పట్టలేదు. ఏముంది, సుత్తి తెప్పించి ముక్కలు కొట్టి నింపాను. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. తన దిమ్మను దిమ్మలాగే గోనెసంచి నడుమ పెట్టి, చుట్టూ వరిఊక కూరి, మూతి బిగించి, ఆ మొత్తానికి ముదురు ఎరుపు రగ్గు ఒకటి చుట్టింది. వేటకెళ్ళేటప్పుడు వాళ్ళాయన కప్పుకునే రగ్గట. ఆ మూటను గోడవార నీడలో పెట్టి, దాని పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆకూ వక్కా నమలడం మొదలుపెట్టింది. పిల్ల ఆ పక్కన కూర్చుంది.

పదకొండింటికల్లా బడిలో చదువు పూర్తిగా ఆగిపోయింది. ఏ తరగతి కిటికీ చూసినా తలలే. నా పెట్టె దగ్గర మాత్రం తిరణాల. లోపల ఐసు మిలమిలా మెరుస్తుంటే ఎవరికి చూడాలని ఉండదు? అద్దం మీద ఆవిరి పట్టి మసకబారితే, బాగా కనిపించాలని నేనే మూత తీసి తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని. ఆరో తరగతికి ఒకసారి, ఎనిమిదో తరగతికి ఒకసారి, భోజనం వండే ఆవిడ వస్తే ఇంకోసారి. సంవహనం గురించి పిల్లలకు వివరిస్తూ కూడా ఒకసారి తీశాను. చల్లగాలి ఎలా జారిపోతుందో చెయ్యి పెట్టి చూడమన్నాను. అంత చక్కగా బోధించాను.

పన్నెండుంపావుకు గేటు ముందు జీపు ఆగింది. విద్యాశాఖ అధికారి. ముందు చెప్పకుండా వచ్చారు. హెడ్మాస్టారు పరుగెత్తి ఎదురెళ్ళి, ఏం చెప్పాలో తోచక, "ప్రయోగపూర్వక అభ్యసనం సార్" అని మూడుసార్లు అన్నారు. అధికారి వరండా వైపు చూశారు. ఒక పక్క వెండిపెట్టె, ఒక పక్క రగ్గుమూట, నడుమ రెండొందల మంది పిల్లలు.

ఆయనను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. చల్లటి మజ్జిగ. ఆయన ఒక గుక్క తాగి బాగుందన్నారు. మా బళ్ళో ఫ్రిజ్ లేదు. అటెండరు వైపు చూశాను. అతను వేరేవైపు చూశాడు. నా పెట్టెలోంచి రెండు పెద్ద ముక్కలు తగ్గాయని లెక్కల మాస్టారు నా చెవిలో చెప్పారు. అధికారిని అడిగి వెనక్కి తీసుకునే వీల్లేదు కదా.

అధికారికి విషయం తెలిసింది. ఆయన కోప్పడతారని హెడ్మాస్టారు గోడకు ఆనుకున్నారు. కాని ఆయన చిన్నపిల్లాడిలా వచ్చి నా పెట్టె మూత తీసి చూశారు. తర్వాత మూట దగ్గరికెళ్ళి, ఒకసారి విప్పి చూపించమన్నారు. ఆవిడ లేవలేదు.

"నాలుగింటికి ఇప్పుతాను బాబూ. అందాకా ఎవులొచ్చినా ఇప్పను."

అధికారి పకపకా నవ్వి, అయితే నాలుగింటిదాకా ఉంటానన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన తనిఖీకి వెళ్ళాల్సిన పక్క ఊరి బడివాళ్ళు మా మేలు ఇప్పటికీ మరిచిపోలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయని రెండింటికి నేను పదో తరగతికి మాత్రం వెళ్ళాల్సి వచ్చింది. పెట్టెను పిల్లలకు అప్పజెప్పి వెళ్ళాను. మా బడి వరండా పడమటి ముఖం. ఆ సంగతి రోజూ ఆ వరండాలో నడిచే నాకు తెలియనిది కాదు. కాని ఆ రోజు నా బుర్రలో గెలుపు తప్ప ఇంకేదీ పట్టలేదు. రెండున్నరకు ఎండ వరండాలోకి దిగింది. గోడవారనున్న మూటను చేరలేదు. అందరికీ కనిపించాలని ముందువరసలో పెట్టుకున్న నా పెట్టె మీద మాత్రం నిండుగా పడింది. అద్దంలోంచి లోపలికెళ్ళింది, వెండి కాగితం మీద పడి అటూ ఇటూ తిరిగింది.

నాలుగు కొట్టారు. నా పెట్టె ముందు తెరిచారు. అట్ట అడుగు తడిసి జారిపోయింది, నీళ్ళు వరండా అంతా పారాయి. ఆ నీళ్ళలో రేగుపళ్ళంత ముక్కలు నాలుగైదు తేలుతున్నాయి. తూచడానికి కాటాలో వేసే లోపల అవీ సగమయ్యాయి.

ఆవిడ రగ్గు విప్పింది. సంచి మూతి విప్పింది. ఊకలోంచి చెయ్యి పెట్టి దిమ్మను ఎత్తింది. అంచులు గుండ్రమయ్యాయి గాని అది దిమ్మే. మూడు కేజీల మీద తూగింది. పిల్లల అరుపుకు గేటు దగ్గర జీపు డ్రైవరు నిద్రలేచాడు.

లెక్కల మాస్టారు నా పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అద్దాన్నీ వెండి కాగితాన్నీ ఎండనీ మార్చి మార్చి చూసి, మెల్లిగా అన్నారు.

"మేడమ్, ఇది ఐసుపెట్టె కాదు. మీరు సోలార్ కుక్కరు చేశారు. బియ్యం పోసి ఉంటే ఈపాటికి భోంచేసేవాళ్ళం."

అదే నిజం. మొన్నటి సైన్సు ఫెయిరుకు పిల్లల చేత నేను చేయించింది అచ్చంగా అలాంటి పెట్టే. సూర్యుడు మంచి శక్తి వనరని ఏటా చెప్పి, ఆ సూర్యుణ్ణే అద్దం పెట్టి మరీ ఐసు మీదికి పిలిచాను. ఏడవాలో నవ్వాలో తెలియని ఒక్క క్షణం గడిచింది. తర్వాత నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. కాళ్ళ కింద నీళ్ళు, చీర కుచ్చిళ్ళు తడి, ఎదురుగా అధికారి, నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. నన్ను చూసి పిల్లలు, పిల్లల్ని చూసి అధికారి, ఆఖరికి హెడ్మాస్టారు కూడా, ముందు అధికారి నవ్వుతున్నారని నిర్ధారించుకుని, నవ్వారు.

ఆ నవ్వులో పడి గొంతులో ఇన్నాళ్ళూ అడ్డం కూర్చున్నదేదో దిగిపోయింది. ఆ పిల్లను ముందుకు పిలిచాను. అందరూ వినేలా చెప్పాను: ఆ రోజు తరగతిలో నేను తప్పు చెప్పాను, ఈ అమ్మాయి సరిగ్గా అడిగింది, జవాబు చెప్పకుండా కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద తప్పు. ఇప్పుడు నువ్వే చెప్పమ్మా, రగ్గు వేడి ఇస్తుందా అన్నాను.

పిల్ల తల్లి వైపు చూసి, నా వైపు చూసి, రగ్గు అంచు వేలికి చుట్టుకుంటూ అంది.

"రగ్గు ఏటీ ఇవ్వదు టీచర్. లోపలున్నదాన్ని ఎల్లనీదు, బైటున్నదాన్ని రానీదు. లోపల మనిషుంటే మనిషికి ఎచ్చగుంటాది. ఐసుంటే ఐసుకి సల్లగుంటాది."

ఉష్ణబంధకానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇదే చెప్పాను, ఎవరి మాటో కూడా చెప్పాను.

మర్నాడు ఆదివారం, పందెం చెల్లించడానికి పొద్దున్నే ఒడ్డుకెళ్ళాను. మా ఆయన ఫోటోలు తీస్తానని వెంట రాబోతే ఇంట్లో పెట్టి తాళం వేసినంత పని చేశాను. పడవలొచ్చాయి. కవళ్ళు, కానాగంతలు, ఒక మోస్తరు వంజరాలు రెండు. గంపలు ఆటోలో పెట్టుకుని పై ఊళ్ళకు బయల్దేరాం. ఆవిడ, పిల్ల, నేను. వీధి మొదట్లో దిగి గంప చేతికిచ్చి, కేకెయ్యమంది. ముప్పై ఏళ్ళు తరగతి చివరి బెంచీదాకా వినిపించిన గొంతు అక్కడ పిల్లికూతలా వచ్చింది. రెండోసారి గట్టిగా అరిచాను. మూడోసారికి నాకే సరదా వేసింది. నాలుగోసారి అరవద్దని ఆవిడే చెప్పింది, పక్క వీధివాళ్ళు కూడా వచ్చేశారట.

ఒక ఇంటి ముందు ఎవరో పాత విద్యార్థి నన్ను గుర్తుపట్టి కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. నా రెండు చేతుల్లో వంజరం ఉంది. దీవించాలని చెయ్యెత్తితే చేప తోక అతని నెత్తి మీద తగిలింది. ఇంకొకతను టిప్పరు నడుపుతూ నన్ను చూసి నడిరోడ్డు మీద బండి ఆపేసి, "టీచర్, ఏటైపోనాది, ఉద్యోగం తీసేసినారా" అని నిజంగానే బాధపడ్డాడు. వెనకాల బళ్ళు హారన్లు మోగిస్తున్నా, మొత్తం కథ విని, నవ్వి, కవళ్ళు తీసుకుని గాని కదల్లేదు.

ఆ నవ్వుల మధ్యనే నేను ఇంకొకటి చూశాను. తల్లి చేపలు శుభ్రం చేస్తుంటే ఐసు సంచి చూసేది పిల్లే. ఎంత తియ్యాలో, ఎప్పుడు మూతి బిగించాలో, ఏ గంప ముందు ఖాళీ చెయ్యాలో దానికి తెలుసు. ఆ పూట దాని చేతులు లేకపోతే సరుకు సగం పాడైపోయేది. నేను ఒడ్డున నిలబడి ఇచ్చిన ఉపన్యాసం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. తిరుగు ఆటోలో పందెం సంగతి ఎత్తలేదు, ఓడినదాన్ని ఏమడుగుతాను. ఆవిడే అంది.

"బడి మీద నాకు కోపం నేదు మేస్టారమ్మా. పడవలికి మీ బెల్లు తెలీదు, అంతే."

ఆ మాట నాతో విజయనగరం దాకా వచ్చింది. మరి బెల్లుకు పడవలు తెలియొచ్చు కదా అనిపించింది. సోమవారం టైంటేబులు ముందేసుకుని కూర్చున్నాను. ఏడో తరగతి సైన్సును రెండో పీరియడు నుంచి మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడుకు మార్చాలి. అన్నం తిన్న పిల్లలు ఎండలో మైనంలా కరిగిపోయే వేళ అది. అప్పుడు పాఠం చెప్పడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆ పీరియడు లెక్కల మాస్టారిది. భయపడుతూ అడిగాను. ఆయన నా చేతులు పట్టుకుని, ఇరవై ఏళ్ళుగా ఈ పీరియడు ఎవరికైనా అంటగట్టాలని చూస్తున్నానమ్మా అన్నారు. హెడ్మాస్టారు, జాగ్రత్త కోసం, మూడు ప్రతుల్లో సంతకం చేశారు.

పిల్ల సైన్సుకు రావడం మొదలైంది. కాని వచ్చే ఏడాది మాటేమిటో తల్లి చెప్పలేదు. నేనూ అడగలేదు. ఓ పది రోజుల తర్వాత, సముద్రపు గాలి, నేల గాలి చెప్తున్న రోజు, తలుపు దగ్గర నీడ పడింది. ఆవిడ. పిల్ల ఏం వింటోందో చూసి పోదామని వచ్చిందట. వెనక బెంచీలో కూతురి పక్కన ఒదిగి కూర్చుంది.

పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటుకు సముద్రం మీది చల్లగాలి వస్తుంది, రాత్రి ఇది తిరగబడుతుంది అని బోర్డు మీద బాణాలు గీశాను. ఈసారి తొందరపడలేదు. గీయడం అయ్యాక, ఇది నిజమేనా అని ఆవిడనే అడిగాను.

ఆవిడ ముందు సిగ్గుపడింది. తర్వాత లేచి నిలబడింది. తెల్లవారకముందే నేల మీంచి గాలి తోస్తుందని, వాళ్ళ మావయ్య కాలంలో ఇంజన్లు లేనప్పుడు ఆ గాలికే తెరచాప ఎత్తి లోపలికి పోయేవారని, పొద్దెక్కి సంద్రం గాలి తిరగగానే అదే గాలితో ఇంటికొచ్చేవారని చెప్పింది. గాలి తిరగడానికి ముందు కాసేపు అసలు గాలే ఉండదని, అప్పుడు పడవలో అందరూ మాట్లాడకుండా కూర్చుంటారని చెప్పింది. అది నా పుస్తకంలో లేదు. మధ్యాహ్నం రెండింటికి, కడుపునిండా తిన్న ఏడో తరగతి పిల్లల్లో ఒక్కరూ కన్నార్పలేదు.

బెల్లు కొట్టారు. పిల్లలు బయటికి పరుగెత్తారు. ఆవిడ బోర్డు దగ్గరికొచ్చి బాణాలను కాసేపు చూసింది. అవి ఎటునుంచి ఎటు పోతున్నాయో వేలితో గాలిలో గీసుకుంది.

"ఇన్నాళ్ళూ గాలొస్తాది అనుకున్నాం గానీ, ఎందుకొస్తాదో ఎవులూ సెప్పనేదు" అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఏడుతో మానిపించను లెండి. రేపేటి సెప్తారు?"

"శక్తి వనరులు. సూర్యుడు, గాలి, బొగ్గు, అలలు."

తలూపి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ ఒక్కతే రాలేదు. ఆ రోజు ఒడ్డున నన్ను చూసి చెంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఇరుగుపొరుగు వాళ్ళందరినీ, ఒక ముసలమ్మను కూడా, వెంటబెట్టుకుని వచ్చింది. బెంచీలు చాలక పిల్లలు కింద కూర్చున్నారు. నేను సుద్దముక్క తీసుకుని సూర్యుడి బొమ్మ గీస్తుండగా హెడ్మాస్టారు గుమ్మంలోకి వచ్చి ఆగారు. చేతిలో హాజరు పట్టీ ఉంది. గదినిండా ఉన్న ఆడవాళ్ళను ఒకసారి లెక్కపెట్టుకుని, మెల్లిగా నన్ను అడిగారు.

"వీళ్ళందర్నీ ఏ తరగతిలో వెయ్యమంటారమ్మా?"